మనిషికొక్క వీడియో

మా ఆడపడుచు వీపు గీత గీసినట్టు ఉందని మా మాష్టారు రాసిన రోజు నాకు అన్నం సహించలేదు. పళ్ళెంలో సగం వదిలేసి లేచాను. ఏమైందని మా ఆయన అడిగితే వేడి చేసిందన్నాను. వేడి చేసిన మాట నిజమే, కాకపోతే కడుపులో కాదు.

ఆ మాష్టారు నా మాష్టారు. శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి బడిలో డ్రిల్లు చెప్పేవారు. బడి వెనకాల రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బరువులు ఎత్తడం నేర్పేవారు. నేను పదమూడో ఏట ఆ షెడ్డులోకి వెళ్ళాను, ఇరవై ఒకటో ఏట పెళ్ళి కుదిరి బయటికొచ్చాను. అదే నెలలో రాష్ట్ర పోటీకి నా పేరు వచ్చింది. పోటీ రోజున నేను పసుపు నీళ్ళతో స్నానం చేస్తున్నాను. అప్పుడు ఏడవలేదు. తరువాత చాలా ఏళ్ళు, ఎవరైనా సిమెంటు బస్తా భుజాన వేసుకుని పోతుంటే చూసినప్పుడల్లా ఏడుపు వచ్చేది.

పెళ్ళయి వచ్చింది కలకత్తాకి, వాట్‌గంజ్‌లో రేవుకు దగ్గరి సందులోకి. మా మామగారు కుర్రతనంలో రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన అదే రేవులో క్రేను నడుపుతాడు. గుమ్మం లోపల అంతా మా శ్రీకాకుళం మాటే. గుమ్మం దాటితే బెంగాలీ, అదీ కాదంటే హిందీ.

ఆ గుమ్మం దాటడంలోనే మా ఆడపడుచుకీ నాకూ తేడా. ఆమె నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఇక్కడే పుట్టింది, ఇక్కడి బడిలో బెంగాలీలో చదివింది. చేపల దుకాణంలో మొప్ప ఎత్తి చూసి బేరమాడేది. రేషన్ ఆఫీసులో గుమాస్తాను నిలబెట్టి అడిగేది. బస్సు బోర్డు దూరం నుంచే చదివి "పద వదినా, ఇది మనదే" అనేది. నేను సంచీ పట్టుకుని ఆమె వెనక నడిచేదాన్ని. పెద్దదాన్ని నేను, దారి చూపేది ఆమె. ఆమెకు తెలియనిది ఒక్కటే, తెలుగు అక్షరం. మాట్లాడుతుంది, చదవలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె నా మీద ఆధారపడుతుందని లోలోపల కాస్త సంతోషంగా ఉండేది. చిన్న బుద్ధే, ఒప్పుకుంటాను.

మా సందు చివర పాడా క్లబ్బు, అంటే పేట క్లబ్బు, ఒకటుంది. మూడేళ్ళ క్రితం సరస్వతీ పూజకు ఖిచుడీ ప్రసాదం తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్ళాం. లోపల గదిలో సగం దుర్గా పూజ పందిరి వెదుళ్ళు, చుట్టేసిన గుడ్డలు. మిగతా సగంలో గోడవార ఒక ఇనుప బారు, తుప్పు పట్టిన ప్లేట్లు. ప్రసాదం దొప్ప కింద పెట్టేసి వెళ్ళి ఆ బారు మీద చెయ్యి వేశాను. చెయ్యి దానంతటదే వెళ్ళి, బొటనవేలు లోపలికి పెట్టి, మిగతా వేళ్ళతో దాన్ని బిగించి పట్టుకుంది. పదేళ్ళయింది. వేళ్ళు మరిచిపోలేదు.

క్లబ్బు తాళాలు తన దగ్గర ఉంచుకునే దాదా చూసి, "బౌదీకి ఇది వచ్చా?" అని మా ఆడపడుచును అడిగాడు. బౌదీ అంటే వదిన, దాదా అంటే అన్న. రేవు దగ్గర ఎన్నో రకాల జనాన్ని చూసినవాడు కావడం వల్ల కాబోలు ఆశ్చర్యపోలేదు. పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకా ఆడవాళ్ళు వాడుకోవచ్చన్నాడు.

ఇంటికొచ్చి మా ఊళ్ళో అడిగి మాష్టారి నంబరు సంపాదించాను. ఆయన రిటైరై చాలా కాలమైంది. చెవులు పూర్తిగా పోయాయి, కాబట్టి ఫోను మాట్లాడరు. చూస్తారు, రాస్తారు. ఆయన మొదటి సందేశం నాకిప్పటికీ కంఠతా వచ్చు. "ఆశీస్సులు. నువ్వు బరువు ఎత్తడం పక్క నుంచి తీసి పంపు. పాదాలు, తల రెండూ కనపడాలి. రోజుకి మనిషికొక్క వీడియోయే. ఎక్కువ పంపితే నా ఫోను ఆగిపోతుంది."

పక్క నుంచి తియ్యాలంటే తీసే మనిషి కావాలి. అలా మా ఆడపడుచు నాతో క్లబ్బుకి వచ్చింది. నెల రోజులు వెదుళ్ళ కట్ట మీద కూర్చుని బుద్ధిగా ఫోను పట్టుకుంది. ఆ నెల నా జీవితంలో మంచి నెల. ఒకరోజు, "వదినా, నానూ ఒకపాలి ఎత్తి సూడనా?" అంది. వద్దని ఏమని చెప్పను? బారు క్లబ్బుది. పందిరి వెదురు ఒకటి తీసి చేతికిచ్చాను. కొత్తవాళ్ళకు మాష్టారు కూడా ముందు కర్రే ఇచ్చేవారు. ఆమె వెదురును నేల మీంచి తలపైకి ఎత్తి నిలబడింది. తీసి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది.

"ఆశీస్సులు. ఈ అమ్మాయి ఎవరు? వీపు గీత గీసినట్టు ఉంది. ఈ వీపు నేర్పితే రాదు. జాగ్రత్తగా చూసుకో."

ఎనిమిదేళ్ళు ఆ షెడ్డులో ఉన్నాను. నా వీపు గురించి ఒక్క మాట అనలేదు ఆయన. పైగా ఆ మాట ఆమెకు చదివి వినిపించాల్సింది నేనే, నా నోటితో.

"ఏటన్నారు మాష్టారు?" అని ఫోను మీదికి వంగింది.

"వీపు బాగుందంట" అన్నాను.

"అంతేనా? అంత పొడుగు రాసినారు గదా."

"అంతే. ముసలాయన, ఆశీస్సులే సగం ఉంటాయి."

ఇంట్లో మా అత్తగారికి చెప్పింది, మేడ మీద వాళ్ళకు చెప్పింది, చేపలవాడికి కూడా చెప్పింది. బజార్లో అంతా ఆమెదే, బస్సులన్నీ ఆమెవే, ఊరే ఆమెది. నాకంటూ నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ బారు పట్టే విద్య ఒక్కటి. దాంట్లోనూ వచ్చి చెయ్యి పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు మొదలుపెట్టాను ఆ పని. ఆమె వెదురు వదిలి బారు పట్టింది, పొద్దున్న ఒక్కొక్కరం పదేసి సార్లు ఎత్తేవాళ్ళం. నాది ఆమె తీసేది, ఆమెది నేను తీసేదాన్ని. అన్నీ నా ఫోనులోనే ఉండేవి. మనిషికొక్కటే పంపాలి కదా, ఏది పంపాలో ఎంచేది నేను. నావాటిలో అన్నిటికంటే బాగున్నది ఎంచి పంపేదాన్ని. ఆమెవాటిలో పోయినది ఎంచి పంపేదాన్ని. బారు మోకాళ్ళకు తగిలి ఆగిపోయినది, తలపైకి వెళ్ళి వెనక్కి పడినది, కాలు తడబడి కూలబడినది. మిగతావి చెరిపేసేదాన్ని. ఆమె తొమ్మిది సార్లు చక్కగా ఎత్తి ఒక్కసారి పడేస్తే మాష్టారికి ఆ ఒక్కటే చేరేది. చూడండి మాష్టారూ మీ గీత గీసిన వీపు, అనుకుంటూ పంపు గుర్తు నొక్కేదాన్ని. అబద్ధమేం కాదు కదా, అన్నీ జరిగినవే అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఆయన జవాబులు రావడం మొదలయ్యాయి. నాకు: "బాగుంది." మర్నాడు: "బాగుంది." ఆ మర్నాడు ఆ మాట కూడా లేదు, ఒక టిక్కు గుర్తు. ఆమెకు మాత్రం ఫోను నిండా. బారు మోకాలు దాటేటప్పుడు భుజాలు ఎక్కడ ఉండాలి, మడమ ఎప్పుడు లేవాలి, మోచెయ్యి ఎందుకు ముందే వంగుతోంది, రేపు ఏం చెయ్యాలి, ఎన్నిసార్లు చెయ్యాలి. ఒకసారి కాగితం మీద మనిషి బొమ్మ గీసి, మోకాలి దగ్గర ఎర్ర సిరాతో బాణం వేసి, ఫొటో తీసి పంపారు. డెబ్భై దగ్గర పడిన మనిషి, వణికే చేత్తో.

ఆ బొమ్మ చూసినప్పుడు ఎంత కుళ్ళుకున్నానో చెప్పలేను. నాకెప్పుడైనా బొమ్మ గీశారా? ఆమె పడేస్తున్న కొద్దీ ఆయనకు ఆమె మీద మోజు పెరుగుతోందే అనుకున్నాను. అయితే ఇంకా ఘోరంగా పడేసినది పంపాలి అనుకుని ఇంకా ఘోరమైనది వెతికి పంపాను. ఇంకా పొడుగు జవాబు వచ్చింది.

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఎనిమిదేళ్ళు ఆ షెడ్డులో ఉన్నదాన్ని. మాష్టారు బాగా ఎత్తేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఆగేవారు కాదు. పక్క నుంచి నడిచిపోయేవారు. బాగా ఎత్తలేని పిల్ల దగ్గర గంట నిలబడేవారు. ఒప్పుకి టిక్కు, తప్పుకి పేజీ, అదే ఆయన పద్ధతి. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ఏడాది పొడుగునా ఒక్క రోజు గుర్తు రాలేదు. కుళ్ళు పట్టిన మనిషికి తెలిసిన విషయం కూడా తెలియకుండా పోతుంది.

ఆమెకొచ్చిన జవాబులన్నీ నేనే చదివి వినిపించాలి. కొన్ని మింగేద్దామనుకున్నాను గానీ, ఆమె పక్కనే కూర్చుని నా నోటి వంక చూస్తుంటే మింగుడు పడేది కాదు. అరచేతిలో బెంగాలీలో రాసుకునేది. మర్నాడు అచ్చం అలాగే చేసేది. ఒక్కసారి మాత్రం మింగాను. వినాయక చవితి మర్నాడు ఆయన ఇలా రాశారు:

"ఆశీస్సులు. ఆ అమ్మాయివి రోజూ పోయిన ఎత్తులే వస్తున్నాయి. ఇన్ని నెలల్లో ఒక్కటైనా నిలబడలేదా? నిలబడినది ఉంటే పంపు. తప్పు ఆ అమ్మాయి చేతుల్లో ఉందా, నీ చేతుల్లో ఉందా?"

ఆయన చెవులే పోయాయి, కళ్ళు బాగానే ఉన్నాయి.

"ఏటంట?" అంది ఆమె.

"చవితి బాగా చేసుకున్నారా అని."

"మరి జవాబు రాయి, బాగా చేసుకున్నామని."

రాశాను.

సంవత్సరం తిరిగాక క్లబ్బు దాదా ఒకరోజు మా ఇంటికొచ్చి, జిల్లా పోటీలకు క్లబ్బు తరఫున ఆడవాళ్ళను కూడా పంపుదామనుకుంటున్నానన్నాడు. ఒక్కో బరువు తరగతిలో ఒక్కరే. ఆమె నాకంటే పొడుగు, నేను ఆమెకంటే లావు, తూకం యంత్రం మీద మాత్రం ఇద్దరిదీ ఒకటే తరగతి. ఆదివారం పొద్దున్న క్లబ్బులోనే ఎత్తి చూపించాలి, ఎవరిది ఎక్కువైతే వాళ్ళు వెళ్తారు. నాకు పసుపు నీళ్ళు గుర్తొచ్చాయి. ఈసారి వదలకూడదు అనుకున్నాను. భయం కూడా వెయ్యలేదు. ఏడాది పాటు రోజూ బాగుంది అనిపించుకున్నదాన్ని నేను. రోజూ తిట్లు తిన్నది ఆమె.

ఆ ఆదివారం వెదుళ్ళన్నీ ఒక మూలకు నెట్టి, సందులో వాళ్ళంతా గోడల వెంట నిలబడ్డారు. మా ఆయన కూడా వచ్చాడు. ముందు స్నాచ్. అంటే నేల మీది బారును ఒక్క ఊపులో తలపైకి ఎత్తి నిలబడాలి. మనిషికి మూడు సార్లు. మూడూ పోతే ఇంటికే. నేను నలభై అయిదు కిలోలు వెయ్యమన్నాను. రోజూ ఎత్తే బరువే, పదింట ఏడెనిమిది సార్లు నిలబడేదే.

మొదటిసారి బారు తలపైకి వెళ్ళి ముందుకు పడింది. రెండోసారీ ముందుకే. పడే చోటు కూడా అదే. అప్పుడు తెలిసింది నాకు, ఇది కొత్తగా పడటం కాదని. రోజూ పదింట రెండు మూడు ఇలాగే పడేవి. రోజూ చెరిపేసేదాన్ని. ఎందుకు పడుతోందో అడగలేదు, ఎవరికీ చూపించలేదు. మూడోసారి పట్టుకున్నప్పుడు నా వేళ్ళకు అన్నీ తెలుసు గానీ ఏం మార్చాలో తెలియలేదు. ముందుకే పడింది. సిమెంటు నేల మీద ఆ చప్పుడుకి బయట కుక్క మొరిగింది.

ఆమె నలభై ఎత్తింది, నలభై మూడు ఎత్తింది, నలభై అయిదు ఎత్తింది. వీపు గీత గీసినట్టే ఉంది. భుజాలు బారు మీద, మడమలు ఆఖర్న, మోచేతులు బిగించి. అన్నీ నేను చదివి వినిపించినవే. నా గొంతే ఆ పిల్ల ఒంట్లో నిలబడినట్టు అనిపించింది.

అందరూ చప్పట్లు కొట్టాక ఆమె నా చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగింది. దాదాకీ, అందరికీ బెంగాలీలో చెప్పింది. నాకు బాగానే అర్థమైంది. "ఇది మా బౌదీ వల్ల వచ్చింది. సార్ రోజుకి మనిషికొక్క వీడియోయే చూస్తారు. బౌదీ తన తప్పులు ఏనాడూ పంపలేదు, నా తప్పులే పంపింది. సార్ టైమంతా నాకే ఇప్పించేసింది. తను నష్టపోయింది." అని ఏడ్చింది. ఆమెకు ముందునుంచీ తెలుసన్నమాట ఏవి పంపుతున్నానో. తెలిసి, నన్ను దేవతను చేసింది. జనం నా వైపు తిరిగి మళ్ళీ చప్పట్లు కొట్టారు. దాదా "ఖూబ్ భాలో, బౌదీ" అన్నాడు, చాలా మంచి పని చేశావని.

చెంప మీద కొట్టినా అంత మండదు. ఓడిపోయినందుకు కాదు. ఆమె చెప్పిన ఆ వదిన ఎవరో గానీ, నాకంటే చాలా మంచిది. నాకు ఆ వదిన మీద కూడా కుళ్ళు పుట్టింది.

ఆ సాయంత్రం మాష్టారికి రాశాను, ఆమె వెళ్తోందని, నేను వెళ్ళడం లేదని. జవాబు వెంటనే వచ్చింది. "సంతోషం. నీకేమైంది? నీవన్నీ బాగానే ఉన్నాయి కదా."

జిల్లా పోటీలో ఆమెకు నాలుగో స్థానం వచ్చింది. తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది నేనే. ఇంటికొచ్చాక కొత్త పట్టు పట్టింది. మాష్టారికి తన చేత్తో తెలుగులో రాయాలంట. పలకా పుస్తకం కొందామంటే, "పుస్తకమెందుకు? ఆయన రాసినయ్యే ఉన్నాయి గదా, అయ్యే సదువుతాను" అంది. నా ఫోను తీసుకుని మొదటి సందేశం దాకా పైకి జరిపింది. రోజూ మధ్యాహ్నం వంటయ్యాక నా పక్కన కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. అర్థాలు ఆమెకు ముందే తెలుసు కాబట్టి చకచకా వచ్చేసింది. నెలలో గుణింతాలు, ఇంకో నెలలో ఒత్తులు.

ఆ సందేశం ఎక్కడుందో నాకు తెలుసు. చవితి శుభాకాంక్షల బొమ్మకు సరిగ్గా కింద. ఆమె దాని వైపు రోజుకు కొంచెం వస్తోంది. చెరిపెయ్యడం నాకు కొత్త కాదు. ఏడాది పాటు రోజూ చెరిపిన వేలే ఇది. ఒకసారి దాని మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను కూడా. అంతలో బయట ఆమె మేడ మీది ఆవిడతో "మా బౌదీ లాంటిది ఎవరికుంటాది" అంటున్న మాట వినపడింది. ఆ పొగడ్త ఇంక నా వల్ల కాలేదు. వేలు తీసేశాను.

వర్షం పడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె అక్కడికి చేరింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. "ఆ... అమ్మాయివి... రోజూ... పోయిన... ఎత్తులే" అని మొదలుపెట్టి ఆఖరి దాకా చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళి లోపల చదువుకుంది.

"ఇది నాకు సదవనేదు నువ్వు" అంది.

"లేదు."

"చవితి బాగా చేసుకున్నారా అని అడిగినారన్నావు."

"అబద్ధం చెప్పాను."

"మాష్టారు అడిగినా గానీ ఒక్క మంచిది పంపనేదు?"

"పంపలేదు."

"ఎందుకు వదినా?"

చేట పక్కన పెట్టాను. ఏదైనా చెప్పొచ్చు, ఆమె నమ్ముతుంది. అదే నా బాధ. "కుళ్ళు" అన్నాను. "నిన్ను చూస్తే కుళ్ళు. నీ మీద ఆయనకు రోత పుట్టాలని పంపాను. నువ్వనుకున్నట్టు కాదు."

ఫోను నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. చేపలు తానే తెచ్చింది, నా ముందు పెట్టింది. వదినామరదళ్ళ మధ్య ఏమైందని మా అత్తగారు అడిగితే ఇద్దరం ఏమీ లేదన్నాం. అయిదో రోజు పొద్దున్న అయిదున్నరకి వచ్చి నా ఫోను ఛార్జరు నుంచి లాగి చేత్తో పట్టుకుంది. "రా" అంది. అంతే.

క్లబ్బులో తానే నలభై అయిదు ఎక్కించి, వెదుళ్ళ కట్ట మీద కూర్చుని పక్క నుంచి ఫోను పట్టుకుంది. "ఎత్తు" అంది. ఎత్తాను, నిలబడింది. "ఇది కాదు" అని చెరిపేసింది. మళ్ళీ ఎత్తాను, నిలబడింది. "ఇదీ కాదు." అయిదోసారి బారు నా తలపైకి వెళ్ళి ముందుకు, ఎప్పుడూ పడే చోటే పడింది. నేను అలాగే చతికిలబడి ఉండిపోయాను. "ఇది" అంది. నా వంక చూస్తూ పంపు గుర్తు నొక్కింది.

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. నా పేరు మీద, ఫోను నిండా, కిందికి ఎంత జరిపినా అయిపోనంత. చివర కాగితం మీద మనిషి బొమ్మ, నడుము దగ్గర ఎర్ర బాణం. నేను చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఆశీస్సులు" అని మొదలుపెట్టింది. "ఏడాది... నుంచి... ఈ తప్పు... నాకు... ఎందుకు... చూపించలేదు?" ఆగి నా మొహంలోకి చూసింది. తరువాత నడుము ముందే లేస్తోందట, బారు ఒంటికి దూరంగా పోతోందట, మెడ వంగుతోందట. ఒక్క తప్పూ వదల్లేదు, ఒక్కోదాన్ని రెండేసి సార్లు చదివింది. ఒకచోట ఒత్తు దగ్గర తడబడితే అందిద్దామని నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాను సదవతాను" అంది. "నువ్విను."

విన్నాను.